కారు ముందొచ్చింది, పెళ్ళికొడుకు వెనకొచ్చాడు

మండపేటలో బస్సు దిగి ఇంటికి నడిచొస్తుంటే, అరుగు మీద బియ్యం ఏరుతున్న మా ఆవిడ తలెత్తి చూసి, "ఏంటండీ ఆ నడక? వెళ్ళింది పెళ్ళికా, గుర్రప్పందేలకా?" అంది. ఏం చెప్పను? కూర్చుంటే ఒక బాధ, నించుంటే ఇంకో బాధ. నలభై ఏడేళ్ళు నిండి, బడికీ బజారుకీ స్కూటరు తప్ప ఎరగని శరీరాన్ని పట్టుకెళ్ళి బాపట్ల నుంచి రేపల్లె దాకా సైకిలు తొక్కిస్తే ఊరుకుంటుందా? ఊరుకోలేదు. ఆ వారమంతా క్లాసులో కుర్చీ జోలికి పోలేదు.

అయినా సరే, ఇంత సంతోషంగా ఏ ప్రయాణమూ చెయ్యలేదని ఒట్టేసి చెబుతాను. తొంభైల మొదట్లో, ఫిబ్రవరి నెలలో, నాలుగు రోజుల పని అది. కృష్ణ దాటి అవతలికి పోని మా గోదావరి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "ఏముందండీ అక్కడ, మిరపకాయలు తప్ప!" అనేవాళ్ళు మరీ శ్రద్ధగా చదవాలి. స్కూటరు సంగతి అడుగుతారేమో, అది పెరట్లో గోనెపట్టా కప్పుకుని ఉంది. మా ఆవిడా నేనూ కలిసి వెళ్ళాల్సి వస్తేనే బయటికి తీస్తున్నాను.

తెనాలి

సుధాకర్ మా బళ్ళో నాలుగేళ్ళు సైన్సు చెప్పాడు. బాపట్ల కుర్రాడు, లూథరన్ చర్చి వాళ్ళు. తర్వాత తెనాలిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళకి పెళ్ళి కుదిరింది. "మాస్టారూ, నాన్న లేరు, పెద్దదిక్కుగా మీరు రావాలి" అని రాశాడు. అలా అడిగితే రానని ఎవరంటారు?

స్టేషన్లో దిగేసరికి సైకిలు పట్టుకుని నించున్నాడు. చేతిలో సంచీ లాక్కుని క్యారేజీ మీద పెట్టి తాడు బిగించాడు. నేను రిక్షా కోసం చూస్తుంటే, "నడుద్దాం మాస్టారూ, మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

"మరి నీ స్కూటరేదిరా?"

"అమ్మేశానండి."

డబ్బు ఇబ్బందేమో అనుకున్నాను. కాదట. క్లాసులో గాలి గురించి చెబుతూ, బొగ్గూ పెట్రోలూ మండించిన పొగ పైకి పోయి మాయమైపోదనీ, భూమి మీద దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుందనీ, ఏటికేడాదీ వేడి పెరుగుతోందని శాస్త్రజ్ఞులు అంటున్నారనీ చెప్పాడట. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి మీరు స్కూటరెందుకు ఎక్కుతారు సార్?" అంది. వీడు ఆ అమ్మాయికి జవాబు చెప్పలేకపోయాడు. ఆ వారంలోనే బండి అమ్మేశాడు.

"బస్సో రైలో అయితే ఎక్కుతానండి, అది నలుగురితో పాటు పోయేది. రోగమో రొష్టో వస్తే కారూ ఎక్కుతాను. ఊరికే నా ఒక్కడి సుఖం కోసం పెట్రోలు తగలెయ్యకూడదని పెట్టుకున్నాను."

"బాగుందిరా. ఇంకా ఏమేం పెట్టుకున్నావు?"

చాలానే పెట్టుకున్నాడు. గదిలోంచి బయటికెళ్తే ఫ్యాను కట్టేస్తాడు. నేను బయటికెళ్తున్నానా లేదా అని కూడా చూడకుండా కట్టేస్తాడు! దుకాణంలో ప్లాస్టిక్ సంచీ ఇస్తే తిరిగిచ్చేసి గుడ్డసంచీ చాపుతాడు. అన్నం మెతుకు పారెయ్యడు, మనల్ని పారెయ్యనివ్వడు. కోపగించుకోడు, ఉపన్యాసాలివ్వడు. మన విస్తరి వంక ఒక చూపు చూస్తాడు, అంతే. ఆ చూపుకి భయపడి నేను పచ్చిమిరపకాయ కూడా నమిలేశాను.

మిరపకాయ అంటే గుర్తొచ్చింది. తెనాలి హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. రెండున్నర రూపాయలకి ఇంత పెద్ద అట్టు మా మండపేటలో ఎవడూ వెయ్యడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ పక్కన పెట్టే అల్లం పచ్చడి ఉంది చూశారూ, అది మా వైపు అల్లం పచ్చడి అనుకుని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. మేం అల్లం పచ్చడిలో బెల్లం వేస్తాం. వాళ్ళు వెయ్యరు. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. వడ్డించే ఆయన నా అవస్థ చూసి, "కొత్తాండీ? గోదారోళ్ళా?" అని అడిగి, అడక్కుండానే పంచదార పొట్లం తెచ్చి పెట్టాడు. ఎంత మర్యాదో చూడండి.

ఆ సాయంత్రమే పెళ్ళికూతురి తండ్రి వచ్చారు. దేవసహాయంగారు. రేపల్లె పక్కన కాలవ అవతల పల్లెలో ఉంటారు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి సామాను కోసం తెనాలి వచ్చి, అల్లుణ్ణి చూసిపోదామని గదికి వచ్చారు. సన్నటి మనిషి, మల్లెపువ్వులాంటి తెల్ల పంచె, తెల్ల లాల్చీ, చేతిలో గొడుగు. కుర్చీ అంచున కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టారు.

"బాబూ, ఎల్లుండి పొద్దున బాపట్లకి కారొస్తుంది. రేపల్లెలో మాట్లాడాను, నల్లది, కొత్తది. పూలు కడతారు. నువ్వు అందులో వచ్చి మా గుమ్మం ముందు దిగాలి."

వాళ్ళ వైపు అది ఆనవాయితీ. పెళ్ళికొడుక్కి పెళ్ళికూతురి వాళ్ళు కారు పంపుతారు. మా వైపూ ఉంది, కానీ పంపకపోయినా పెద్దగా పట్టించుకోరు.

సుధాకర్ మొహం చిన్నబోయింది. "మావయ్యగారూ, నా సంగతి మీకు చెప్పాను కదండీ. స్నేహితులమంతా సైకిళ్ళ మీద వచ్చేస్తాం. ముప్పై మైళ్ళు కూడా లేదు. నా ఒక్కడి కోసం కారెందుకండీ?"

"నీ కోసం కాదు బాబూ. నా కోసం."

"ఇంకేదన్నా అడగండి మావయ్యగారూ."

"ఇంకేదీ అక్కర్లేదు." ఆయన లేచి గొడుగు తీసుకున్నారు. గొంతు పెంచలేదు. "కారు మాత్రం వస్తుంది. ఎక్కడం, ఎక్కకపోవడం నీ ఇష్టం. కారు దిగని అల్లుడికి నేను మా అమ్మాయి చెయ్యి ఇవ్వలేను."

ఆయన వెళ్ళాక నేను మండిపడ్డాను. "ఒరే, ముసలాయన ముచ్చట. ఒక్కపూట కారెక్కితే కొంపలేం మునగవురా!"

"మా బాపట్ల వాళ్ళతో ఆ మాట అనకండి మాస్టారూ" అన్నాడు వాడు. అని, మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు. కరుణ అంటే, అదే, పెళ్ళికూతురంటే వాడికి ప్రాణం. ట్రైనింగ్ రోజుల్నించీ పరిచయం. ఆ అమ్మాయి వీడితో ఒకటే చెప్పిందట: "మీరు ఎలా వచ్చినా నాకిష్టమే, నాన్నని మాత్రం నొప్పించకండి" అని. ఎలా కుదురుతుంది రెండూ?

బాపట్ల

మర్నాడు పాసింజరు బండిలో బాపట్ల పోయాం. సైకిలు గార్డు పెట్టెలో ఎక్కింది, మేం శనక్కాయల బుట్టల మధ్య ఎక్కాం. మా వైపు రైల్లో పక్కవాణ్ణి "ఎందాకా అండీ?" అని అడిగి ఊరుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పొన్నూరు దాటకముందే మా ఊరు, జీతం, పిల్లలు, నా బట్టతల ఎప్పుడు మొదలైందీ, అన్నీ కనుక్కుంది. కనుక్కుని, "పర్లేదులే అన్నయ్యా, మా ఆయనకి ఇంకా చిన్నప్పుడే పోయింది" అని ఓదార్చి గుప్పెడు ఉడకబెట్టిన శనక్కాయలు ఒళ్ళో పోసింది.

సుధాకర్ తల్లి సరోజనమ్మగారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లోకి అడుగుపెడుతూనే కాళ్ళకి నీళ్ళిచ్చి, కారు గొడవ వింటూనే విస్తరేశారు. గోంగూర రొయ్యలు. ఆ వాసనకి నా వివేకం పోయింది. మా ఇంట్లో వడ్డించడం ఆలస్యం, ముద్ద నోట్లో ఉంటుంది. అదే అలవాటున ఒక పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. తలెత్తి చూద్దును కదా, అందరూ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు! సరోజనమ్మగారు ప్రార్థన మొదలెట్టారు.

నమిలితే చప్పుడవుతుంది, మింగితే అడ్డం పడుతుంది. నోట్లో గుంటూరు కారం భగ్గుమంటోంది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆవిడ ముందు వంటకి స్తోత్రం చెప్పి, తర్వాత వర్షాల కోసం, పంటల కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, పేరుపేరునా అడిగారు. ఆఖర్ని, "ప్రభువా, మా దేవసహాయంగారి మనసు మెత్తబరచు, మా వాడికి మంచి ఆలోచన ఇవ్వు" అన్నారు. ఆమెన్ అనేసరికి నా కళ్ళ వెంట ధారలు. ఆవిడ చూసి కరిగిపోయారు. "మా వాడంటే ఎంత ప్రేమ అన్నయ్యగారూ మీకు!" అని ఇంకో గరిటె రొయ్యలు వేశారు. కాదని ఎలా చెప్పను?

సాయంత్రం సూర్యలంక వెళ్ళాం. నాకోసం ఒక సైకిలు అద్దెకి తీసుకున్నాడు, గంటకి రూపాయి. సరుగుడు తోటల మధ్య దారి, గాలికి ఆ చెట్లు ఒకటే ఈల. ఇసకలో కూర్చుని సముద్రం చూస్తుంటే వాడి నోరు పెగిలింది. చిన్నప్పుడు ఉప్పెన చూశాడట. గాలి ఆగిన పొద్దున, వాళ్ళమ్మతో ఆస్పత్రికి వెళ్తే, తీరపు పల్లెల నుంచి ఎడ్లబళ్ళ మీద మనుషుల్ని తెస్తున్నారు. బతికున్నవాళ్ళెవరో కానివాళ్ళెవరో దుప్పటి తీస్తేగాని తెలియలేదు. వాళ్ళమ్మ మూడు రోజులు ఇంటికి రాలేదు.

"సముద్రం వేడెక్కితే తుఫాన్లు ఇంకా బలుస్తాయంటున్నారు మాస్టారూ. చదివినప్పట్నించీ నాకు ఆ బళ్ళే కనిపిస్తున్నాయి."

 అయినా నోరూరుకోదుగా, అడిగేశాను. "నువ్వొక్కడివీ సైకిలెక్కితే సముద్రం చల్లబడుతుందా?"

"చల్లబడదండి. ఆ మాత్రం సైన్సు నాకూ తెలుసు." నవ్వాడు. "కానీ నేను బండి అమ్మాక మా స్టాఫ్ రూములో ఇంకో ఇద్దరు మూలన పడేసిన సైకిళ్ళు తుడిచారు. నేనెవరికీ చెప్పలేదు. ప్రభుత్వాలు చెయ్యాల్సింది చాలా ఉంది, అది అడుగుదాం. అడిగే నోరు శుభ్రంగా ఉండాలి కదండీ. ఆ అమ్మాయి మళ్ళీ లేచి అడిగితే చెప్పడానికి నాకో జవాబు కావాలి."

 చీకటి పడకముందే వెనక్కి తిరిగాం.

కర్లపాలెం

మూడో రోజు పొద్దున్నే కారొచ్చింది. నల్లటి అంబాసిడరు, ముందు చేమంతి దండలు, మధ్యలో గులాబీల శిలువ. చూడముచ్చటగా ఉంది. వీధిలో పిల్లలంతా దాని చుట్టూ చేరారు. ఇంకో పక్క గోడకి, సుధాకర్‌ది కాక, నా అద్దెదానితో కలిపి పదిహేను సైకిళ్ళు ఆనించి ఉన్నాయి, హేండిళ్ళకి రంగు కాగితాలు కట్టి. తతిమ్మావి సుధాకర్ స్నేహితులవీ మేనత్త కొడుకులవీ.

నిజం చెప్పొద్దూ, నాకు కారెక్కాలని మహా కోరికగా ఉంది. ముందురోజు సూర్యలంక సైకిలుకే నడుం పట్టేసింది. సుధాకర్ డ్రైవరు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, మావయ్యగారికి నా మీద కోపం రాకుండా చెప్పు. వెనకాలే సైకిళ్ళ మీద వస్తున్నామని చెప్పు" అన్నాడు. పెళ్ళికొడుకు ఎక్కని కారు ఇంకెవరూ ఎక్కకూడదట. సరోజనమ్మగారూ ఆడవాళ్ళూ సాయంత్రం బస్సుకి రావాలని ముందే అనుకున్నారు.

కారు కదలబోతుంటే సరోజనమ్మగారు "ఆగు నాయనా!" అని లోపలికి పరిగెత్తారు. పెళ్ళి సూటు తెచ్చారు. దేవసహాయంగారు ప్రధానం రోజున అల్లుడికి పెట్టిన గుడ్డ అది, తెనాలిలో కుట్టించారు. "సైకిలు మీద పెడితే నలిగిపోద్ది, దుమ్ము కొట్టుకుపోద్ది" అని, తెల్ల దుప్పట్లో చుట్టి వెనక సీటులో పడుకోబెట్టారు. "జాగ్రత్తగా వాళ్ళ చేతికే ఇవ్వు నాయనా" అని డ్రైవరుకి మరీ మరీ చెప్పారు. మేమంతా, ఎంత ముందుచూపో అనుకున్నాం. కారు వెళ్ళిపోయింది. మేం గంటలు మోగించుకుంటూ బయల్దేరాం.

కర్లపాలెం దాకా నేను రాజులా తొక్కాను. రెండు పక్కలా మినుము చేలు, మధ్యలో గడ్డివాములు, కాలవలో బాతులు. పాసింజరు బండిలో పోయినా కనబడనివన్నీ సైకిలు మీద కనబడతాయి, వినబడతాయి. చేలో పనిచేసుకునేవాళ్ళు నడుం ఎత్తి, "ఏంటండీ, ఎవరి పెళ్ళి?" అని అరుస్తారు. వీళ్ళు అరిచి జవాబు చెబుతారు. కార్లో పోతే ఎవడడుగుతాడు?

కర్లపాలెం సెంటర్లో నా పంచె చైన్లో పడింది. పడింది అంటే మామూలుగా కాదు. సగం పంచె సైకిలు మింగేసింది, సగం నేను పట్టుకుని నించున్నాను. సెంటరంతా గుమిగూడింది. తేగల కట్టలు పెట్టుకుని కూర్చున్న ఒకావిడ లేచొచ్చి, పెడలు వెనక్కి తిప్పుతూ మెల్లిగా పంచె బయటికి లాగింది. ఆ నల్లటి గ్రీజు మరకలు ఇప్పటికీ పోలేదు.

"ఏంటి బాబాయ్, పెళ్ళోళ్ళంతా సైకిళ్ళ మీద పోతన్నారు? కారు దొరకలేదా?"

"దొరికిందమ్మా. పెళ్ళికొడుకే వద్దన్నాడు. పొగ వల్ల ఎండలు ముదురుతున్నాయంట."

ఆవిడ సుధాకర్‌ని కిందికీ పైకీ చూసింది. "ముదరటం నిజమేలే. పోయినేడు ఈ సెంటర్లో కూకోలేకపోయా, మా అత్త పడిపోయింది కూడాను. అయితే ఈ బాబు మొక్కుకున్నాడన్నమాట." మొక్కు అన్నాక ఇంకే వివరమూ అడగలేదు. రూపాయికి ఇచ్చే తేగల కట్ట ఊరికే పెళ్ళికొడుకు హేండిలుకి కట్టేసింది, డబ్బులిస్తే తిట్టింది. నేను ఒక లుంగీ అరువు తీసుకుని పైకి ఎగ్గట్టుకున్నాను. పెళ్ళిపెద్ద వేషం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

చెరుకుపల్లి దాటేసరికి నా పని అయిపోయింది. కుర్రాళ్ళు వంతులవారీగా వీపు మీద చెయ్యేసి నన్ను తోశారు. నేను మాత్రం, గాలి అనుకూలంగా ఉందిరా అంటూ ఠీవిగానే ఉన్నాను.

రేపల్లె

కాలవ గట్టు మీంచి అడ్డదారిన పల్లెలోకి వచ్చేసరికి మధ్యాహ్నం తిరిగింది. మైకులో పాటలు వినిపిస్తాయని చెవులు రిక్కించాం. ఏమీ లేదు. తాటాకు పందిరి కింద పొయ్యిలు ఆర్పేసి ఉన్నాయి. వంటవాళ్ళు తిరగేసిన గంగాళాల మీద కూర్చున్నారు. ఇంట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు. ఎవరో పోయారనుకున్నాను.

మమ్మల్ని చూడగానే ఒక ముసలావిడ కెవ్వున అరిచింది. "వచ్చాడే! అబ్బాయి వచ్చాడే!"

అప్పుడు తెలిసింది జరిగింది. పూలదండల కారు ఊళ్ళోంచి ఊరేగుతున్నట్టుగా వచ్చి గుమ్మం ముందు ఆగిందట. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. తలుపు తీస్తే మనిషి లేడు. డ్రైవరు దుప్పటి మూట తెచ్చి పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టి, "అబ్బాయిగారు కారెక్కనన్నారండి. ఇది మీకు ఇచ్చెయ్యమన్నారు" అన్నాడట. విప్పితే, ప్రధానానికి పెట్టిన సూటు! సంబంధం తప్పిపోతే పెట్టిన బట్టలు తిప్పి పంపడం వాళ్ళలో రివాజు. సైకిళ్ళ సంగతి డ్రైవరు చెప్పేలోపే ఏడుపులు లేచాయి, తర్వాత చెప్పినా ఓదార్చడానికి అంటున్నాడనే అనుకున్నారు.

సుధాకర్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మ నలగకూడదని పెట్టిందండీ!"

గుమ్మంలోంచి ఒకమ్మాయి పకపకా నవ్వింది. కరుణ. కళ్ళెర్రగానే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగట్లేదు. "నేను చెప్తూనే ఉన్నాను నాన్నా! మడత నలక్కుండా ఇస్త్రీ చేసి, జేబులో రుమాలు కూడా పెట్టారు. సంబంధం వద్దన్నవాళ్ళు రుమాలు పెట్టి పంపుతారా?"

అందరూ నవ్వారు. దేవసహాయంగారు నవ్వలేదు. పందిరి గుంజకి ఆనుకుని ఆ సైకిళ్ళ వంకే చూస్తున్నారు. నేను లుంగీ సర్దుకుని దగ్గరికి వెళ్ళాను. "బావగారూ, కుర్రాడు మంచివాడండి. మొండివాడు, అంతే. క్షమించండి."

"మంచివాడే. నాకు తెలుసు." ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, ఈ పల్లె నుంచి మా బడికి పోవాలంటే పెద్దిళ్ళ వీధిలోంచి పోవాలి. మా నాన్న కాలంలో మావాళ్ళు ఆ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. నాకు ఉద్యోగం వచ్చింది, సైకిలు కొనుక్కున్నాను. ఆ వీధి మొదట్లో దిగి, ఆ చివరి దాకా నడిపించుకుపోయి, మళ్ళీ ఎక్కాలి. ఆ వీధి పిల్లలకి అ ఆలు దిద్దించింది నేనేనండి. దిద్దించడానికి వెళ్తూ కూడా దిగేవాణ్ణి."

ఆయన మళ్ళీ సైకిళ్ళ వంక చూశారు.

"ఇప్పుడు ఎవరూ దిగమనరు. ఎన్నాళ్ళయిందో మానేసి. కుర్రాళ్ళు దూసుకుపోతారు. నాకే, ఆ వీధి రాగానే కాళ్ళు వాటంతటవే కిందికొచ్చేస్తాయి. రిటైరయ్యేదాకా దిగుతూనే ఉన్నాను. నా అల్లుడన్నా ఆ వీధిలోంచి కారులో, పూలదండలతో, దర్జాగా రావాలని..." ఆయన గుమ్మం ముందు ఆగి ఉన్న కారు వైపు చెయ్యి చూపించారు. "వచ్చింది కారు. ఖాళీగా వచ్చింది."

కరుణ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆ పిల్లకి కూడా ఈ సంగతి తెలియదట. తండ్రి సైకిలు నడిపించుకుంటూ రావడం చిన్నప్పట్నించీ చూసింది, కాళ్ళ నొప్పులనుకుంది.

 సుధాకర్ మొహం చూడలేకపోయాను. దుమ్ము మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. వాడు డ్రైవరు వైపు తిరిగి, "అన్నా, కారు తియ్యి" అన్నాడు. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి, "మావయ్యగారూ, నాకు తెలియదండి. పదండి, ఇద్దరం వెనక సీట్లో కూర్చుందాం. ఊరంతా ఎన్నిసార్లు తిరగమంటే అన్నిసార్లు తిరుగుతాను" అన్నాడు.

నమ్మండి, వాడు అలా అంటాడని నేను అనుకోలేదు. ఏడాది పైగా పట్టుకున్న పట్టు.

 డ్రైవరు అప్పటికే తలుపు తీసి పట్టుకుని నించున్నాడు. దేవసహాయంగారు వెళ్ళి ఆ తలుపు వేసేశారు.

"వద్దు బాబూ. నీ అలవాటు నువ్వు మార్చుకున్నావు. నాదే ఒకటి మిగిలిపోయింది." ఇంటి పక్క చూరు కింద నుంచి పాత సైకిలు తెచ్చుకున్నారు. లాల్చీ చేతులు మడిచారు. "నువ్వు నా పక్కనే తొక్కు. నేను దిగబోతే దిగనివ్వకు."

పెద్దిళ్ళ వీధి

ముందు ఆయనా సుధాకర్, వెనక మేం పదిహేనుమందిమి, మా వెనక పల్లెలో కుర్రాళ్ళు ఎన్ని సైకిళ్ళుంటే అన్ని. పొయ్యిలు మళ్ళీ రాజేసిన వాసన వచ్చింది. మైకు మొదలైంది.

వీధి మలుపు తిరిగాం. వెడల్పాటి వీధి, రెండు పక్కలా ఎత్తరుగుల డాబాలు. నేను ఆయన వెనకే ఉన్నాను, అందుకే చూశాను. మలుపు తిరగ్గానే సైకిలు నెమ్మదించింది. కుడికాలు పెడలు మీంచి లేచింది.  పక్కనే తొక్కుతూ సుధాకర్ చెయ్యి చాపి ఆయన వీపు మీద వేశాడు. కాలు గాల్లో ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పెడలు మీదకి వచ్చింది. ఆయన గంట కొట్టారు.

అంతే, మా అందరి గంటలూ ఒక్కసారి మోగాయి. నేను ఎందుకు ఏడుస్తున్నానో తెలియకుండానే ఏడుస్తూ గంట కొట్టాను. ఈసారి నా నోట్లో కారం లేదు.

వీధి మధ్యలో ఒక డాబా అరుగు మీద పేపరు చదువుతున్న నడివయసు ఆయన లేచి నించున్నాడు. "మాస్టారూ! అల్లుడుగారొచ్చారా? కారు ఖాళీగా పోతే ఏంటో అనుకున్నాం. రండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

"రేపు పెళ్ళికి నువ్వే మా ఇంటికి రావయ్యా! అందర్నీ తీసుకురా!" అని దేవసహాయంగారు సైకిలు ఆపకుండానే అరిచారు.

"వస్తామండి మాస్టారూ!"

వీధి చివరికి వచ్చేశాం. అక్కడి నుంచి ఎడమకి తిరిగితే ఇల్లు. ఆయన తిరగలేదు. ఒక కాలు నేలకి ఆనించి, రొప్పుతూ, చెమటతో తడిసిన మొహంతో వెనక్కి మా అందరి వంకా చూశారు. నుదుట చెమట అల్లుడి కండువాతో తుడుచుకున్నారు. డెబ్భై ఏళ్ళ మొహంలో అలాంటి నవ్వు నేనెక్కడా చూడలేదు.

"ఇంకోసారి పోదామా?" అన్నారు.

ఎవరైనా జవాబు చెప్పేదాకా ఆగలేదాయన. అప్పటికే సైకిలు తిప్పేశారు.